చర్మానికి దురద, రక్తానికి లెక్క: ఎగ్జిమా పిల్లల ల్యాబు రిపోర్టులో ఏముంటుంది?

దురద తగ్గని పిల్లవాణ్ని చూసి పాలమూరు, నల్లగొండ పల్లెలలో పెద్దవాళ్లు మొదట అనే మాట "రక్తం చెడింది" అన్నదే. ఆ మాటకు వేపాకు స్నానం, పథ్యం, రక్తశుద్ధి టానిక్కు ఒకప్పటి జవాబులు. ఇప్పుడు వాటి పక్కన రక్తపరీక్ష కూడా చేరింది. చెడు ఎంత ఉందో అంకెల్లో తేలిపోతుందన్న నమ్మకంతోనే చాలామంది ల్యాబు మెట్లెక్కుతారు. పోయిన చలికాలంలో దేవరకొండ నుంచి మా అక్క తన మనవడి రిపోర్టును వాట్సాప్‌లో పంపి, "ఇరవై రెట్లు ఎక్కువుందంట, గిదేం రోగం తమ్మీ" అని అడిగినప్పుడు ఆమె గొంతులో వినిపించింది కూడా ఆ నమ్మకం తెచ్చిన భయమే.

పిల్లవాడికి నాలుగేళ్లు. రిపోర్టులో నాలుగు అంకెల కింద గీతలు కొట్టి ఉన్నాయి. మొత్తం తెల్లరక్తకణాలు 11,200. వాటిలో ఒక రకమైన ఇసినోఫిల్స్ 9 శాతం. ఏఈసీ, అంటే ఒక మైక్రోలీటరు రక్తంలో ఇసినోఫిల్స్ సంఖ్య, 1,008. టోటల్ ఐజీఈ, అంటే అలర్జీలలో పెరిగే ఒక యాంటీబాడీ మొత్తం మోతాదు, 1,140. చివరి అంకె పక్కన "1 నుంచి 5 ఏళ్లు: 60 లోపు" అని అచ్చయి ఉంది కనుక ఇరవై రెట్లన్న మాట అక్కడి నుంచే పుట్టింది. దాని వెనక రెండు పేజీల అలర్జీ ప్యానెల్ ఉంది. అందులో కోడిగుడ్డు, పల్లీలు, వంకాయ, ఇంటి దుమ్ము వరుసలలో "పాజిటివ్" అని ఉంది. ఆ సాయంత్రం నుంచే పిల్లవాడికి అంగన్‌వాడీ గుడ్డు బంద్ అయింది, ఇంట్లో పల్లీల చట్నీ కూడా బంద్ అయింది. చాలా ఏళ్లు ల్యాబు బల్ల ముందు కూర్చుని స్లైడ్లు చూసినవాడిగా, ఆ కాగితం మీద ఉన్న అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో, అవి ఎంతవరకు చెప్పగలవో, ఎక్కడ ఆగిపోతాయో కాస్త వివరంగా రాయాలని అప్పుడే అనిపించింది.

ముందు పేరుతోనే ఒక చిక్కు ఉంది. మన వాడుకలో తామర అంటే గుండ్రంగా అంచులు లేచే ఫంగస్ మచ్చ కూడా తామరే, ఏళ్ల తరబడి వచ్చిపోయే ఎగ్జిమా కూడా తామరే. ఇంట్లో అందరికీ రాత్రిపూట దురద పుట్టించే గజ్జి వేరు. అది చర్మంలో దూరే చిన్న పురుగు వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది డాక్టర్లు అటోపిక్ డెర్మటైటిస్ అని రాసే ఎగ్జిమా గురించి. పసితనంలో బుగ్గల మీద, కొంచెం పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ పొడిబారి, గోకి గోకి మందమయ్యే ఈ జబ్బు అంటుకునేది కాదు. దీన్ని నిర్ధారించడానికి రక్తపరీక్ష అవసరం లేదు. 1980లో హానిఫిన్, రజ్కా అనే ఇద్దరు చర్మవ్యాధి నిపుణులు కూర్చిన లక్షణాల పట్టిక దగ్గర నుంచి నేటి వరకు నిర్ధారణ అంతా దురద, మచ్చలు వచ్చే చోటు, జబ్బు నడిచే తీరు, కుటుంబంలో ఆస్తమా లేదా జలుబు అలర్జీ ఉండటం వంటి వాటిమీదే ఆధారపడి ఉంది. ఐజీఈ పెరగడం ఆ పట్టికలో ఉన్నమాట నిజమే కానీ, ప్రధాన లక్షణాలలో కాదు, ఉపలక్షణాలలో ఒకటిగా మాత్రమే.

మరి రక్తంలో ఆ అంకెలు ఎందుకు పెరుగుతాయి? కథ చర్మం దగ్గర మొదలవుతుంది. చర్మం పైపొర గట్టిగా, తేమ పోకుండా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ అవసరం. దాని జన్యువులో లోపాలు ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో తేలింది. ఆ లోపం లేనివారిలో కూడా గోకడం వల్ల, పొడి గాలి వల్ల, ఘాటు సబ్బుల వల్ల పైపొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చర్మకణాలు కొన్ని హెచ్చరిక రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ పిలుపు అందుకుని రోగనిరోధక కణాలైన టీ కణాలలో టైప్ 2 అనే వర్గం పనిలోకి దిగి, ఇంటర్‌ల్యూకిన్లు అనే సందేశాలను పంపుతుంది. వాటిలో 4, 13 నంబర్లవి యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను ఐజీఈ తయారీ వైపు మళ్లిస్తాయి, పైగా ఫిలాగ్రిన్ తయారీనే తగ్గించి చర్మాన్ని మరింత బలహీనపరుస్తాయి. 5వ నంబరు ఎముక మజ్జలో ఇసినోఫిల్స్‌ను పెంచుతుంది. 31వ నంబరు నేరుగా నరాల మీద పనిచేసి దురద పుట్టిస్తుంది. దురద వల్ల గోకుడు, గోకుడు వల్ల మళ్లీ చర్మం చిరగడం. చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది. అంటే మన ల్యాబులో కొలిచే ఐజీఈ గానీ ఇసినోఫిల్స్ గానీ ఈ కాలువకు పక్కనున్న పిల్ల కాలువలు మాత్రమే. దురదను పుట్టించే అసలు సందేశాలు ఎక్కువగా చర్మంలోనే తిరుగుతాయి. రక్తంలో వాటి మోతాదు చాలా తక్కువ, ఊళ్లో ల్యాబులు వాటిని కొలవవు.

ఇసినోఫిల్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది సీబీపీలోనే, అంటే రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే మామూలు పరీక్షలోనే వస్తుంది, సీబీపీ ప్రతి ఊళ్లోనూ చేస్తారు. స్లైడు మీద లీష్మన్ రంగు పోసి కడిగితే, ఈ కణం లోపలి రేణువులు నారింజ ఎరుపులో మెరుస్తాయి. రెండు తమ్మెల కేంద్రకం చుట్టూ ఎర్రటి గసగసాలు నింపినట్టు ఉంటుంది. ఇయోసిన్ రంగును పట్టుకుంటుంది కనుక 1879లో పాల్ ఎర్లిచ్ దానికి ఆ పేరు పెట్టాడు. రిపోర్టులో శాతం చూసి భయపడటం లేదా నిశ్చింతగా ఉండటం రెండూ పొరపాటే, చూడవలసింది మొత్తం సంఖ్య. తెల్లకణాలు 6,000 ఉన్నప్పుడు 8 శాతం అంటే 480, అది సాధారణ హద్దు అయిన 500 లోపే ఉంది; అదే 8 శాతం 11,000లో అయితే 880. ఇక మా అక్క మనవడి 11,200 కింద గీత ఎందుకు పడిందంటే, ఆ ల్యాబు కాగితంపై పెద్దవాళ్ల హద్దు 11,000 అని ముద్రించి ఉంది. నాలుగేళ్ల పిల్లలకు ఆ సంఖ్య మామూలే.

ఇంకొక లోపలి సంగతి చెప్పాలి. చిన్న ల్యాబులలో చాలాచోట్ల ఉండే త్రీ పార్ట్ యంత్రాలు ఇసినోఫిల్స్‌ను విడదీయలేవు. మరో రెండు రకాల కణాలతో కలిపి "మిడ్" అని ఒక అంకె ఇస్తాయి. అప్పుడు టెక్నీషియన్ మైక్రోస్కోపు కింద 100 కణాలు లెక్కపెట్టి, అందులో ఇసినోఫిల్స్ ఎన్నో రాస్తాడు. వందలో తొమ్మిది కనిపించాయంటే, గణాంకశాస్త్రం ప్రకారం అసలు శాతం సుమారు 4 నుంచి 16 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ లెక్కన పిల్లవాడి ఏఈసీ 448 కావచ్చు, 1,792 కూడా కావచ్చు. 1,008 అని ఒకట్ల స్థానం దాకా అచ్చయిన అంకెకు అంత నిక్కచ్చితనం లేదు. సోమవారం 9, గురువారం 6 వస్తే జబ్బు తగ్గిందని గానీ, ల్యాబు తప్పు చేసిందని గానీ అనుకోవడానికి వీల్లేదు. నేనే ఒక స్లైడును ఉదయం, సాయంత్రం రెండుసార్లు లెక్కపెట్టి వేర్వేరు అంకెలు రాసిన రోజులు ఉన్నాయి.

అంకె సరైనదే అనుకున్నా, ఇసినోఫిల్స్ పెరగడానికి ఎగ్జిమా ఒక్కటే కారణం కాదు. నులిపురుగులు, కొంకి పురుగులు కడుపులో ఉన్న పిల్లలలో అవి పెరుగుతాయి. చెప్పులు లేకుండా పొలాల్లో, చెరువు గట్లపై తిరిగే మన పిల్లలలో ఈ అనుమానం ఎప్పుడూ ఉండవలసిందే. నల్లగొండ వైపు ఫైలేరియా పాత జబ్బు; పిల్లలలో అరుదే అయినా, ఏఈసీ 3,000 దాటి రాత్రిపూట దగ్గు కూడా ఉంటే ఆ దారిలో ఆలోచించాలి. మరోవైపు స్టెరాయిడ్ చుక్కలు గానీ, సూది గానీ పడితే కొన్ని గంటల్లోనే ఇసినోఫిల్స్ రక్తంలో నుంచి మాయమవుతాయి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మరునాడు రక్తం ఇచ్చిన పిల్లవాడి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, ఒంటిమీద మచ్చలు మాత్రం అలాగే ఉంటాయి. పైగా ఈ కణం రక్తంలో ఉండేది ఒక రోజులోపే. ఆ తరువాత కణజాలంలోకి వెళ్లిపోతుంది. మిర్యాలగూడ మిల్లుల దారిలో నిలబడి వడ్ల ట్రాక్టర్లను లెక్కపెడితే కోతలు జోరుగా ఉన్నాయని తెలుస్తుంది గానీ, ఏ ఊరి పొలంలో ఎన్ని బస్తాలు రాలాయో తెలియదు కదా, ఇదీ అంతే.

ఐజీఈ కథ వేరు. 1966, 1967 సంవత్సరాలలో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ వేర్వేరు దారుల్లో ఒకే యాంటీబాడీని పట్టుకున్నారు; 1968లో దానికి ఐజీఈ అని పేరు స్థిరపడింది. రక్తంలో దొరికే యాంటీబాడీలన్నిటిలో ఇది అతి తక్కువ. పుట్టినప్పుడు దాదాపు ఉండదు, బడికి పోయే వయసంతా పెరుగుతూ వస్తుంది, అందుకే ల్యాబులు వయసును బట్టి హద్దులు ముద్రిస్తాయి. ఆ హద్దులు పురుగుల బెడద అంతగా లేని దేశాల పిల్లల్ని చూసి పెట్టినవి. పురుగులు ఐజీఈని కూడా ఎగదోస్తాయి కనుక, మన పల్లెల్లో ఎగ్జిమా ఏమీ లేని పిల్లవాడికి 300, 400 వచ్చినా ఆశ్చర్యపోనక్కర లేదు.

ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పిల్లల గుంపును, తేలికగా ఉన్న గుంపును పోలిస్తే తీవ్రంగా ఉన్నవారి సగటు ఐజీఈ ఎక్కువే ఉంటుంది. అయితే గుంపుకు పనికొచ్చే మాట ఒక పిల్లవాడికి పనికిరాదు. ఎగ్జిమా ఉన్నవారిలో సుమారు ఐదింట ఒకరికి ఐజీఈ మామూలుగానే ఉంటుంది. వారి దురద దొంగ దురద కాదు. 5,000 ఉండి హాయిగా నిద్రపోయేవారూ ఉన్నారు, 40 ఉండి తెల్లవార్లూ గోక్కునేవారూ ఉన్నారు. ఐజీఈయే అసలు దోషి అయితే దాన్ని పట్టి బంధించే మందు జబ్బును ఆర్పేయాలి కదా. ఆస్తమాలో పనికొచ్చే ఒమాలిజుమాబ్ చేసే పని అదే. కానీ ఎగ్జిమాపై తొలి ప్రయత్నాలలో దాని ఫలితం నిరాశే మిగిల్చింది, తరువాత తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలపై చేసిన ఒక పరీక్షలో కొంత మేలు మాత్రమే కనిపించింది. దానికి భిన్నంగా, ఇంటర్‌ల్యూకిన్ 4, 13ల దారిని మూసే డ్యూపిలుమాబ్ బాగా పనిచేసింది. అమెరికాలో 2017లో పెద్దలకు, 2022లో ఆరు నెలలు దాటిన పిల్లలకు కూడా అనుమతి పొందింది. ఆ మందు మొదలుపెట్టాక దురద వారాల్లో తగ్గుతుంది, ఐజీఈ మాత్రం నెలల తరబడి మెల్లగా దిగుతుంది, ఇసినోఫిల్స్ కొందరిలో కొన్నాళ్లు పెరుగుతాయి కూడా. రిపోర్టు ఒక దారి, రోగి ఒక దారి పట్టడం ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు. ఐజీఈని తయారుచేసే కొన్ని కణాలు ఎముక మజ్జలో ఏళ్ల తరబడి బతుకుతాయి కనుక, రెండు వారాలు క్రీము రాసి మళ్లీ ఐజీఈ చేయించడం డబ్బు దండగ.

ఇప్పుడు ఆ రెండు పేజీల ప్యానెల్ దగ్గరకు వద్దాం. నా దృష్టిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష గుడ్డుకో, పల్లీకో అతుక్కునే యాంటీబాడీ రక్తంలో ఉందా అని చూస్తుంది, సాధారణంగా 0.35 యూనిట్లు దాటితే పాజిటివ్ అని ముద్ర పడుతుంది. ఆ ముద్రకు అర్థం, శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టింది అనే తప్ప, తింటే జబ్బు చేస్తుంది అని కాదు. టోటల్ ఐజీఈ వెయ్యి దాటిన పిల్లవాడికి నలభై పదార్థాలు పరీక్షిస్తే పదో పన్నెండో పాజిటివ్ రావడం పరిపాటి. నిజమైన ఆహార అలర్జీ తిన్న నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం రూపంలో బయటపడుతుంది. చాలా చిన్న వయసులో మొదలై తీవ్రంగా ఉన్న ఎగ్జిమాలో అలాంటి అలర్జీకి అవకాశం ఎక్కువే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ తేల్చవలసింది తిన్నప్పుడు ఏం జరిగిందన్న చరిత్రతో, అవసరమైతే డాక్టరు కళ్ల ముందు తినిపించి చూడటంతో. మూడేళ్లుగా గుడ్డు తిని ఏమీ కాని పిల్లవాడికి కాగితం చూసి గుడ్డు ఆపడం వల్ల దక్కేది బరువు తగ్గడమే. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది: తింటూ ఉన్నంతకాలం శరీరం సహించిన పదార్థాన్ని ఆపేసి, కొన్ని నెలల తరువాత మళ్లీ పెడితే నిజమైన అలర్జీ తలెత్తవచ్చు. 2015లో లండన్ నుంచి వెలువడిన లీప్ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలలో, చిన్నప్పటి నుంచే పల్లీ ఆహారం తిన్నవారికి ఐదేళ్ల నాటికి పల్లీ అలర్జీ, తిననివారితో పోలిస్తే, ఎన్నో రెట్లు తక్కువగా కనిపించింది. వనపర్తి, గద్వాల వైపు పల్లీలు పండించే ఇళ్లలో రిపోర్టు చూసి పల్లీ మానేసే ముందు ఈ సంగతి తెలియడం మంచిది. (ఐజీజీ అనే మరో యాంటీబాడీ పేరుతో అమ్మే ఫుడ్ ఇన్‌టాలరెన్స్ పరీక్షలకు ఈ పాటి ఆధారం కూడా లేదు, అవి తిన్న తిండిని చెబుతాయి, అంతే.)

జబ్బు ఎక్కువ తక్కువలను నమ్మకంగా అనుసరించే గుర్తు రక్తంలో అసలు లేదా అంటే, ఉంది. టార్క్ అనే రసాయనం టైప్ 2 కణాలను చర్మం వైపు పిలిచే పిలుపు. ఎగ్జిమా ఎగిసినప్పుడు రక్తంలో అది పెరుగుతుంది, సరైన వైద్యం మొదలైతే ఒకటి రెండు వారాల్లోనే పడిపోతుంది. ఇప్పటిదాకా పరిశీలించిన గుర్తులలో తీవ్రతతో ఎక్కువగా జతకూడినది ఇదేనని నిపుణుల అభిప్రాయం. జపాన్‌లో 2008 నుంచి ఈ పరీక్ష మామూలు వైద్యంలో భాగం. పిల్లల కోసం ఎస్‌సీసీఏ2 అనే మరో గుర్తును కూడా తరువాత చేర్చారు. టార్క్‌కూ ఒక మెలిక ఉంది: ఏడాది లోపు పసివాళ్లలో అది సహజంగానే ఎక్కువ, వయసుతో తగ్గుతుంది, కాబట్టి పెద్దల హద్దుతో పసివాణ్ని కొలిస్తే ఆరోగ్యవంతుడు కూడా రోగిలా కనిపిస్తాడు. మన జిల్లాల్లో డాక్టర్లు దీన్ని మామూలుగా రాయరు, రాయనందుకు పెద్ద లోటేమీ లేదు కూడా.

అంటే రక్తమే తీయవద్దని నా మాట కాదు. ఎగ్జిమా ఉన్న మగపిల్లవాడికి సీబీపీలో ప్లేట్‌లెట్లు తక్కువగా, పరిమాణంలో చిన్నవిగా ఉండి, ఒంటిపై నెత్తుటి చుక్కలు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు కూడా ఉంటే అది విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్ అనే పుట్టుక లోపం కావచ్చు. అక్కడ ఇసినోఫిల్స్ కన్నా ప్లేట్‌లెట్ల వరుసే ముఖ్యం. ఐజీఈ వేలల్లో ఉండి, చీము గడ్డలు, నిమోనియా పదేపదే వస్తుంటే హైపర్ ఐజీఈ సిండ్రోమ్‌ను తలచుకోవాలి. మచ్చలు రసి కారి, పసుపు పొక్కులు కట్టి, జ్వరం వస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే సీఆర్‌పీ చూడటంలో అర్థం ఉంది, ఎందుకంటే మామూలు ఎగ్జిమాలో సీఆర్‌పీ పెద్దగా కదలదు. కదిలిందంటే సూక్ష్మజీవి చేరిందని అనుమానించాలి. మింగే మందులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టే ముందు కూడా రక్తం చూడక తప్పదు.

మిగతా అందరికీ తీవ్రతను కొలవడానికి కళ్లు, చేతివేళ్లు, నాలుగు ప్రశ్నలు చాలు. కళ్ల విషయంలో మాత్రం మనం జాగ్రత్తగా ఉండాలి: పుస్తకాల్లో బొమ్మలు తెల్ల చర్మానివి, అక్కడ మచ్చ ఎర్రగా మెరుస్తుంది. మన పిల్లల చామనఛాయ మీద అదే వాపు బూడిద రంగులో, ఊదా నలుపులో ఉంటుంది, ఎరుపును వెతికేవారికి తీవ్రత తక్కువగా తోస్తుంది. అందుకే వేలితో తడిమి మందం చూడాలి. ప్రశ్నల విషయానికి వస్తే, పోయెమ్ అనే కొలమానంలో ఏడు ప్రశ్నలుంటాయి: గడిచిన వారంలో ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, నెత్తురు కారిందా, రసి కారిందా, చర్మం పగిలిందా, పొట్టు లేచిందా, పొడిబారిందా. మొత్తం 28 మార్కులు. 8 నుంచి 16 మధ్యస్థం, 17 నుంచి పైన తీవ్రం. తల్లి కూర్చుని రెండు నిమిషాల్లో వేయగల లెక్క ఇది, సూది అక్కర లేదు.

మా అక్క ఫోన్లోనే ఆ ఏడు ప్రశ్నలకు జవాబులు చెప్పింది. పిల్లవాడికి 19 వచ్చింది. పిల్లల డాక్టరు గుడ్డు, పల్లీలు మళ్లీ పెట్టమన్నారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు, స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే రోజుకు రెండుసార్లు ఒళ్లంతా మాయిశ్చరైజర్, మచ్చలున్న చోట కొన్ని రోజులు స్టెరాయిడ్ పూత రాయమన్నారు. మూడు నెలల తరువాత పోయెమ్ 6కు దిగింది, ఏఈసీ 560 ఉంది, ఐజీఈ 1,090. "ఐజీఈ దిగనే లేదు గద తమ్మీ" అని అక్క మళ్లీ దిగులుపడింది. పోరడు రాత్రి పండుకుంటున్నడా అని అడిగితే, తెల్లారేదాక లేస్తలేడని, దుప్పటి మీద నెత్తురు మరకలు కూడా పడుతలేవని చెప్పింది. ఐజీఈ పరీక్ష ఇక చేయించవద్దని, గోళ్లు మాత్రం వారం వారం తీయమని చెప్పాను.